నా మూడడుగుల వరలకి ముగ్గురు సాక్షులు

పోయిన నెల మా యార్డుకి పెద్ద ఆర్డరొచ్చింది. ఆ సంగతి నందిగామలో తెలుసు, రెడ్డిగూడెంలో తెలుసు, మా జగ్గయ్యపేటలో బోర్డులు రాసే పెయింటర్‌కి తెలుసు, మేస్త్రికి తెలుసు. తెలియనిదల్లా ఒక్క ఓనరుకే. అంటే నాకే! అదెలా కుదురుతుంది అంటారా? టీ తాగుతూ వినండి, నాకే ఇంకా పూర్తిగా అర్థం కాలేదు.

నాది నందిగామ వెళ్ళే రోడ్డు మీద సిమెంటు వరల యార్డు. వర అంటే తెలుసుగా, బావిలోకీ ఇంకుడు గుంతలోకీ ఒకదాని మీద ఒకటి దించే గుండ్రటి సిమెంటు చుట్టు. బోర్డు మీద ‘నర్సయ్య సిమెంటు వరలు, ముప్ఫై ఏళ్ల అనుభవం’ అని ఉంటుంది. ఎవరైనా గేదెలకి కుడితి తొట్టి అడిగితే, అదే చుట్టుకి కింద అడుగు వేసి ఇచ్చేస్తా. కానీ తొట్ల సంగతి నలుగురిలో చెప్పుకోను. నేను వరల మనిషిని. పేటలో ఎవరినడిగినా ‘వరల నర్సయ్య’ అనే చెబుతారు.

ఈ మధ్య వరలు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. బావులెవరు తవ్వుతున్నారు? అందరూ బోర్లే. నా కూతురు రమణ బీకాం చదివి యార్డు పనులన్నీ తనే చూసుకుంటోంది. ఒకరోజు మెల్లగా అంది.

“నాన్నా, ఇంకో నెల చూద్దాం. ఏమీ రాకపోతే వరలు పోసే అచ్చులు పాత ఇనుము వాడికి ఇచ్చేసి, స్థలం కార్లు కడిగేవాళ్ళకి అద్దెకిద్దాం.”

“నా యార్డులో కార్లకి స్నానాలా!” అని లేచా.

“మరి ఆర్డర్ తీసుకురా” అంది. నా కూతురే. నా నోరే వచ్చింది దానికి.

సరిగ్గా ఆ వారంలోనే ఒక కారొచ్చి ఆగింది. కడగడానికి కాదు! అందులోంచి స్రవంతి అనే అమ్మాయి దిగింది. నందిగామ దగ్గర కొత్తగా పెద్ద డెయిరీ ఫాం కడుతున్నారట, బయటివాళ్ళతో, పేపరు వాళ్ళతో మాట్లాడే పని ఆ అమ్మాయిదట. రమణ ఆ పూట బ్యాంకుకి వెళ్ళింది. నేనొక్కణ్ణే ఉన్నా.

“చుట్టుపక్కల వాళ్ళ దగ్గరే సామాను కొనాలనుకుంటున్నామండీ. మీ బిజినెస్ గురించి ఒక ఫ్యాక్ట్ షీట్ ఇవ్వండి. మా మేనేజర్ గారు అది చూసే నిర్ణయిస్తారు. ఓపెనింగ్ రోజున ప్రెస్ వాళ్ళకిచ్చే ఫైల్లో కూడా పెడతాం.”

“షీటంటే రేకులా అమ్మా? నేను రేకుల పని చెయ్యను.”

“కాదండీ! ఒక్క పేజీ కాగితం. ఎప్పుడు పెట్టారు, ఏం చేస్తారు, సైజులేంటి, ఎవరికి సప్లై చేశారు, ఇవి. పొగడ్తలు వద్దు. అన్నీ నిజాలే ఉండాలి, ఎవరైనా చెక్ చేసినా నిలబడాలి. చివర్లో ఎవరికి ఫోన్ చెయ్యాలో నంబరు తప్పకుండా రాయండి.”

“స్టాంపు పేపరు మీదా?”

ఆ అమ్మాయి నవ్వింది. “తెల్ల కాగితం చాలండీ.”

చూశారా, నిజాలే ఉండాలంది, చెక్ చేస్తామంది, ఫోన్ చెయ్యడానికి నంబరు కావాలంది. ఇంకేం కావాలి? నాకు వెంటనే అర్థమైపోయింది. సాక్షులు కావాలి! నేను వయసు ముప్ఫై దాటాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి. అక్కడ మాస్టారు మాకు మొదట నేర్పింది ‘అ’ కాదు. చదవకుండా వేలిముద్ర వెయ్యొద్దు, సాక్షి లేని కాగితాన్ని నమ్మొద్దు అని. పొలం కాగితానికైనా, పంపకాల కాగితానికైనా సాక్షి ఉండాలి. పేరు, ఊరు, ఫోన్ నంబరు ఉండాలి.

సాయంత్రం రమణకి చెబితే తల పట్టుకుంది.

“నాన్నా, అదంతా కాదు. నేను టైప్ చేసి ప్రింట్ తీయిస్తా. నువ్వు తీసుకెళ్ళి ఇచ్చెయ్యి చాలు.”

“నన్నడిగింది. నేనే రాస్తా.”

“అయితే నీది నువ్వు రాసుకో, నాది నేను తీస్తా. ఇచ్చేది మాత్రం నాదే.”

నేనేమీ అనలేదు. అనలేదంటే ఒప్పుకున్నట్టని దాని లెక్క. కాదని నా లెక్క.

మర్నాడు పొద్దున్నే ఫుల్‌స్కేప్ కాగితం తీసి మొదటి లైను రాయబోయా. ‘ఎప్పుడు పెట్టారు?’ పెన్ను అక్కడే ఆగిపోయింది. ఎప్పుడు పెట్టా? బోర్డు మీద ముప్ఫై ఏళ్ళని ఉంది. ఆ బోర్డు ఎప్పటిది?

మా ఆవిడ సీతమ్మని అడిగా. “రమణ అన్నప్రాశన రోజునే మొదటి వర పోశారు. సిమెంటు చేత్తోనే పిల్లకి పాయసం పెట్టబోతే మా అమ్మ కేకలేసింది” అంది.

“అయితే రమణకి ఎన్నేళ్ళు?”

“ముప్ఫై ఒకటి.”

“ముప్ఫై మూడు కాదూ?”

“కన్నది నేనా మీరా?”

లోపల్నుంచి రమణ అరిచింది. “నా వయసు నన్నడగొచ్చుగా! సర్టిఫికెట్లో ఉంది.”

“సర్టిఫికెట్లో ఉన్నది నిన్ను బళ్ళో వేసినరోజు మాస్టారు తోచింది రాసుకున్న తేదీ. నువ్వు మాట్లాడకు. యార్డు పెట్టినప్పుడు నీకు ఆర్నెల్లు, నీకేం తెలుసు?”

సరే, బోర్డు రాసిన పెయింటర్ మస్తాన్‌నే అడుగుదామని వెళ్ళా. ప్రతి దసరాకీ ఆయుధపూజ ముందు నా బోర్డుకి కొత్త రంగు వేసేది అతనే. నిచ్చెన మీద ఉన్నాడు.

“మస్తానూ, మా బోర్డు మీద ముప్ఫై ఏళ్ళని ఎప్పుడు రాశావు?”

“మొదటి రోజునే, బాబాయ్.”

“మొదటి రోజున ముప్ఫై ఏళ్ళెలా ఉంటాయిరా?”

“అది నేనూ అడిగా. అనుభవం లేదంటే ఎవరు కొంటారు, ముప్ఫై అని రాయి అన్నావు. అప్పట్నుంచీ ప్రతి దసరాకీ దాని మీదే దిద్దుతున్నా. మధ్యలో ఒకసారి నలభై చెయ్యనా అంటే, అబద్ధం వద్దు అన్నావు కూడా.”

నాకు బుర్ర తిరిగింది. మొదటి రోజు రాయించిన ముప్ఫై అబద్ధం. కానీ ఇన్నేళ్ళు బోర్డు ఎక్కి కూర్చుని ఇప్పుడది నిజమైందా, లేక ఒక ఏడాది ఎక్కువైందా, ఒక ఏడాది తక్కువైందా? నిజమే అయితే పోయినేడు అబద్ధమేగా? నిచ్చెన కింద నిలబడి వేళ్ళు మడిచి లెక్కపెట్టా. ఒకసారి ఇరవై తొమ్మిది వచ్చింది, ఒకసారి ముప్ఫై రెండు వచ్చింది.

“ఏదైనా సరే, సాక్షి సంతకం పెట్టు” అన్నా. మస్తాన్ కిందికి దిగి, బోర్డు మీద రాసినంత అందంగా రాశాడు: ‘ముప్ఫై ఏళ్ల అనుభవం మొదటి రోజు నుంచీ ఉన్నది. నేనే రాశాను.’ కింద ఫోన్ నంబరు.

“ఇలా రాశావేంట్రా!”

“నిజమే రాయమన్నావుగా బాబాయ్.”

కొట్టేద్దామనుకున్నా. కానీ సాక్షి రాసింది కొట్టేస్తే అది దొంగ కాగితం అవుతుంది. ఉంచేశా. పోనీలే, రెండో లైనుతో సర్దుకుంటుందనుకున్నా.

రెండో లైను, ‘ఎవరికి సప్లై చేశారు?’ దానికి నాకు ఏ అనుమానమూ లేదు. నా మొదటి వరలు నందిగామ శివారులో రాఘవయ్య గారి బావికి వెళ్ళాయి. ఆ బావి చెక్కు చెదరలేదని ఇన్నేళ్ళుగా ప్రతి కస్టమర్‌కీ చెబుతున్నా. బస్సెక్కా. చిల్లకల్లు దాటేదాకా కూడా ఆ లైను ఎంత గొప్పగా రాయాలా అనే ఆలోచిస్తున్నా.

రాఘవయ్య గారికి ఎనభై దాటాయి. పశువుల పాక ముందు మడతకుర్చీలో ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతున్నారు. నన్ను చూసి ఫోన్ పక్కన పెట్టారు.

“ఒరేయ్ నర్సయ్యా! ఎన్నాళ్ళకిరా!”

“నమస్కారమండీ. మన బావి ఎలా ఉందండీ?”

“బాగానే ఉంది.”

“మరి నా వరలు?”

“అవీ బాగానే ఉన్నాయి. అదిగో!” అని పాకలోకి చూపించారు. వరసగా గేదెలు. వాటి ముందు వరసగా కుడితి తొట్లు. ఒక గేదె తొట్టి అంచుకి మెడ వేసి హాయిగా రుద్దుకుంటోంది.

“అవి తొట్లు కదండీ.”

“నీ వరలేరా! బావిలో దించితే చుట్టూ సందు. మట్టి జారిపోయేది. నువ్వు అప్పుడే కొత్తగా పెట్టావు, ఏడుస్తావని చెప్పలేదు. వేరేవి తెచ్చి బావికి వేసుకుని, నీవాటికి అడుగు వేయించి తొట్లు చేసుకున్నాం. రెడ్డిగూడెంలో మా తోడల్లుడు చూసి రెండు పట్టుకుపోయాడు. జి.కొండూరు నుంచి కూడా వచ్చి అడిగితే, పేటలో నర్సయ్య చేస్తాడు పొమ్మన్నా. రాలేదా?”

వచ్చారు. వాళ్ళంతా వచ్చారు! వరల్లో నా పేరు విని, పనిలో పనిగా తొట్టి కూడా అడుగుతున్నారనుకున్నానే ఇన్నాళ్ళూ!

“సందెలా వచ్చిందండీ? మూడడుగుల బావి, మూడడుగుల వర.”

“బావి మూడే. నీ వర కాదు.”

ఎలా సంతకం అడగాలో తెలియక నిలబడితే, ఆయనే కాగితం లాక్కుని, కళ్ళజోడు పెట్టుకుని తీరిగ్గా రాశారు: ‘వరలు బావికి నప్పలేదు. తొట్లుగా దివ్యంగా ఉన్నవి. ఒక్కటీ పగల్లేదు. గేదెలు మెడ రుద్దుకుంటున్నవి.’ ఫోన్ నంబరు రెండుసార్లు రాశారు, కనపడదేమోనని.

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. అయినా బయటికి చూడలేదు. కాగితం వంకే చూస్తూ కూర్చున్నా.

పేటలో దిగీ దిగగానే యేసుపాదం మేస్త్రి దగ్గరికి వెళ్ళా. వరలు దించడంలో అతన్ని మించినవాడు లేడు. “మేస్త్రీ, నా వర మూడడుగులా కాదా?” అన్నా. అతను నేల చూపులు చూశాడు.

“చెప్పవయ్యా!”

“రెండడుగుల పదంగుళాలండీ.”

“నీకెప్పట్నుంచి తెలుసు?”

“అందరికీ తెలుసండీ. గొయ్యి తవ్వేముందు, మామూలు మూడా నర్సయ్య గారి మూడా అని అడుగుతాం. మీదైతే రెండంగుళాలు తగ్గించి తవ్వుతాం.”

యార్డుకెళ్ళి టేపు పెట్టి చూశా. రెండడుగుల పది. ఇంకో అచ్చు చూశా. అదీ అంతే. అప్పుడు గుర్తొచ్చింది. మొదటి అచ్చు చేయించినప్పుడు కమ్మరి కొలత అడిగితే, రెండు మూరలని నేనే చేత్తో కొలిచి ఇచ్చా. మూరంటే అడుగున్నర, రెండు మూరలంటే మూడడుగులు. లెక్క తప్పలేదు. నా చెయ్యే పొట్టిది! తర్వాత ప్రతి అచ్చూ ఆ మొదటిదాన్ని చూసి చేసిందే.

యేసుపాదం కూడా రాశాడు: ‘మూడడుగులు అంటే రెండడుగుల పది. ఇసుకలో కలిపే సిమెంటు పాలు మాత్రం ఏనాడూ తగ్గించలేదు.’ ఫోన్ నంబరు.

ఆ కాగితం చదివి రమణ కుర్చీలో కూలబడింది.

“నాన్నా, ఇది ఫ్యాక్ట్ షీట్ కాదు, ఛార్జిషీట్! మన మీద మనమే కేసు పెట్టుకున్నాం. ఇదిగో, ఇది పట్టుకెళ్ళు.” తన ప్రింటు చేతిలో పెట్టింది. రంగుల కాగితం, పైన బొమ్మ. నాణ్యత, నమ్మకం, ముప్ఫై ఏళ్ళు, మూడడుగులు, కింద పెద్దక్షరాలతో మా నంబరు.

“ఇందులో ముప్ఫై ఎలా వచ్చింది?”

“బోర్డు చూసి రాశా.”

“మూడడుగులు?”

“నువ్వే కదా చెప్పింది నాకు చిన్నప్పట్నుంచీ!”

రెండూ జేబులో పెట్టుకుని మళ్ళీ బస్సెక్కా. డెయిరీ ఆఫీసులో స్రవంతి లేదు. కాగితం ట్రేలో పెట్టి వెళ్ళమన్నాడు వాచ్‌మన్. అప్పటికే ట్రేలో బోలెడు కాగితాలు. అన్నీ రంగులే, అన్నిట్లోనూ నాణ్యతే, అన్నిట్లోనూ నమ్మకమే. రమణ కాగితం తీశా. నిజాలే ఉండాలంది ఆ అమ్మాయి. ముగ్గురు పెద్దమనుషులు సంతకాలు పెట్టిన కాగితాన్ని జేబులో దాచుకుని, అబద్ధమని టేపు పెట్టి చూసుకున్నది ఎలా ఇస్తా? నాదే పెట్టి వచ్చేశా. ఇంట్లో మాత్రం ‘ఇచ్చేశా’ అన్నా. ఏది ఇచ్చానో ఎవరూ అడగలేదు.

వారం గడిచింది. ఫోన్ రాలేదు. పదిరోజులు. రాలేదు. ఈలోగా మా ఆవిడ చొక్కా ఉతకబోతే జేబులోంచి రంగుల కాగితం బయటికొచ్చింది.  మర్నాడు రమణ ఒక్కటే మాటంది. “ఇంక నెల దాకా ఎందుకు, పాత ఇనుము వాణ్ణి ఆదివారం రమ్మన్నా.”

నేను వెళ్ళి అచ్చుల మీద దుమ్ము దులిపా. 

ఆదివారం పొద్దున్నే వాడు ట్రాలీ ఆటోతో వచ్చేశాడు. ఒక అచ్చు ఎక్కించాడు. రెండోది ఎక్కిస్తుంటే నేను అటు తిరిగి నిలబడ్డా. నా రెండు మూరలూ వెళ్ళిపోతున్నాయి. అంతలో గేటు ముందు లారీ ఆగింది. డ్రైవర్ దిగాడు.

“నర్సయ్య గారి యార్డు ఇదేనాండీ? తొట్లు లోడింగ్‌కి వచ్చాం.”

“ఏ తొట్లు?”

“నలభై తొట్లండీ. డెయిరీకి. మీ మేనేజర్ గారు ఇవ్వాళ రమ్మన్నారుగా?”

“నాకు మేనేజరెక్కడున్నాడయ్యా!”

“రాఘవయ్య గారండీ. రోజూ మాట్లాడుతున్నారే మా మేడంతో!”

నేను రమణ వైపు చూశా. రమణ నా వైపు చూసింది. పాత ఇనుము వాడు ఇద్దరి వైపూ చూశాడు. రమణ మెల్లగా అడిగింది.

“నాన్నా, నీ కాగితం మీద ఫోన్ నంబర్లు ఎవరెవరివి రాశావు?”

“సాక్షులవి.”

“మనది?”

నేనేమీ అనలేదు. ఈసారి అనకపోతే ఒప్పుకున్నట్టే. కాగితం నా చేత్తో నేనే ఇస్తుంటే నా నంబరెందుకు?

డ్రైవర్ ఫోన్లోంచే రాఘవయ్య గారికి చేయించా.

“ఒరేయ్! ఆ పిల్ల ఫోన్ చేసి నర్సయ్య వరలు ఎలా ఉంటాయండీ అంది. వరలు నప్పవమ్మా, తొట్లు తీసుకో అన్నా. వాళ్ళ మేనేజర్ మా పాకకొచ్చి చూసుకున్నాడు. గేదెతో పాటు వాడూ చెయ్యేసి రుద్ది చూశాడు. నలభై కావాలన్నారు. ఆదివారానికి రెడీగా ఉంటాయని చెప్పేశా.”

“నాకు చెప్పొద్దాండీ!”

“నీ నంబరు నాకెక్కడిదిరా! నువ్వు తెచ్చిన కాగితం మీద మస్తాన్‌ది చూసి ఆ రోజే నా ఫోన్లో ఎక్కించుకున్నా, వాడికి చెప్పా.”

మస్తాన్‌కి చేస్తే, “మేస్త్రికి చెప్పా బాబాయ్, రోజూ నీ యార్డు ముందు నుంచే వెళ్తాడుగా” అన్నాడు. మేస్త్రికి చేస్తే, “మీ ఆర్డర్ మీకు తెలియకుండా ఉంటుందాండీ, అందుకే చెప్పలేదు” అన్నాడు.

రమణ గబగబా వెళ్ళి ట్రాలీ మీంచి అచ్చులు తనే దింపించింది. పాత ఇనుము వాడు గొణిగాడు. “మూడడుగుల అచ్చులని రమ్మన్నారు, తీరా వచ్చాక...”

“మూడు కాదు, రెండు పది. నీకూ నష్టమే, పో” అంది.

యార్డులో ఉన్న తొట్లు ఆరు. లారీలో ఆరూ పెట్టి, మిగతావి పదిహేను రోజుల్లో ఇస్తామని రమణ స్రవంతితో మాట్లాడి ఒప్పించింది. ఇప్పుడు అచ్చులు ఖాళీగా ఉండటం లేదు. మస్తాన్ వచ్చి బోర్డు మీద ‘వరలు’ చెరిపి ‘తొట్లు’ అని రాశాడు. ముప్ఫై దగ్గర బ్రష్ ఆపి నా వంక చూశాడు. “దాని జోలికి పోకు” అన్నా.

అంతా బాగానే ఉంది. ఒక్కటే ఇబ్బంది. నా కాగితాన్ని ఎవరో ఫోటో తీసి పాడి రైతుల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారు. మా నంబరుతో రమణ కొత్త కాగితం వేయించినా దాన్ని ఎవరూ చదవరట, గేదె మెడ రుద్దుకునేది కొత్తదాంట్లో లేదని! కొనేవాళ్ళంతా రాఘవయ్య గారికే చేస్తున్నారు. ఆయన ప్రతి ఒక్కళ్ళకీ నా వరలు బావికి ఎలా నప్పలేదో మొదటి నుంచీ చెప్పి, ఆ తర్వాతే ఆర్డర్ రాసుకుంటున్నారట.

అందుకే ఇప్పుడు పొద్దున్నే టీ తాగి, యార్డు గేటు తీసి, కుర్చీ వేసుకుని, ఓనరుగా నేను చేసే మొదటి పని ఒకటుంది. ఆయనకి ఫోన్ చేస్తా.

“రాఘవయ్య గారూ, నమస్కారమండీ. ఇవ్వాళ నాకేమైనా ఆర్డర్లొచ్చాయాండీ?”